సేవ్ కాని వరుస: ఎర్ర గీత పడినప్పుడు పట్టిక ఏం చేయాలి, మనం ఏం చేయాలి

సభ్యుల రిజిస్టరును నోటు పుస్తకంలోంచి వెబ్ పేజీలోకి ఎక్కించుకునే పని మన సంఘాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతోంది. మంచి పనే. పుస్తకం తడుస్తుందనీ, చెదలు పడుతుందనీ భయం ఉండదు. ఊరు మారిన సభ్యుడు తన చిరునామా తానే దిద్దుకోవచ్చు. పేజీ తెరిస్తే పట్టిక కనబడుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస, పేరుకొక గడి, ఇంటిపేరుకొక గడి, పుట్టిన తేదీ, మాతృభాష, చిరునామా, పిన్ కోడ్, ఫోను. ఎడిట్ నొక్కితే ఆ వరుస దిద్దడానికి తెరుచుకుంటుంది. దిద్ది సేవ్ నొక్కితే పని అయిపోవాలి.

కాకపోతేనే చిక్కు. ఏదో ఒక గడి ఎర్రబడుతుంది. లేదా పైన ఒక ఇంగ్లీషు వాక్యం మెరిసి మాయమవుతుంది. ఏం తప్పో తెలియదు, మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. విసుగొచ్చి, ఎలాగోలా సేవ్ అయితే చాలని ఏదో ఒకటి నింపేస్తాం. తరతరాలుగా బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన మన ఇళ్ళకు సంబంధించి పేరు, ఇంటిపేరు, మాతృభాష అనే మూడు గడులు చెడేది ఎక్కువగా ఆ క్షణంలోనే. అందుకే ఈ వివరణ. పట్టికలో దిద్దేవారికీ, ఆ పట్టికను తయారుచేసే మన పిల్లలకూ ఇది పనికొస్తుందని మా ఆశ.

సరిచూడటం రెండు చోట్ల

మనం రాసినది నిబంధనకు సరిపోయిందా లేదా అని చూడటాన్ని కంప్యూటర్ వాళ్ళు వ్యాలిడేషన్ అంటారు. ఆఫీసు భాషలో చెప్పుకోవాలంటే కౌంటరు దగ్గరి గుమాస్తా ఒకసారి, లోపలి సూపరింటెండెంటు ఒకసారి దరఖాస్తును చూడటం వంటిది.

కౌంటరు దగ్గరి చూపు మన ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఉన్న బ్రౌజర్‌లోనే జరుగుతుంది. ఖాళీ వదిలిన గడి ఉందా, పిన్ కోడ్‌లో 6 అంకెలున్నాయా వంటివి ఇక్కడే తేలిపోతాయి. లోపలి చూపు సర్వర్‌లో జరుగుతుంది. ఈ సభ్యత్వ సంఖ్య ఇంతకు ముందే మరొకరికి ఇచ్చారా, ఈ వరుసను దిద్దే హక్కు ఈ మనిషికి ఉందా అన్నది రిజిస్టరు మొత్తం చేతిలో ఉన్న సర్వర్‌కే తెలుస్తుంది. బ్రౌజర్‌లోని తనిఖీని తెలిసినవాళ్ళు తప్పించుకోగలరు కాబట్టి అక్కడ చూసినదాన్ని కూడా సర్వర్ మళ్ళీ చూడాలి. మొదటిది మన సౌకర్యానికి, రెండోది రిజిస్టరు భద్రతకు. రెండూ ఉండాలి. రెండు చోట్లా నిబంధన ఒకటే అయి ఉండాలి. కౌంటరులో సరే అన్నదాన్ని లోపల కాదంటే తిరిగే కాళ్ళు మనవే.

చిత్తు ప్రతి, సాపు ప్రతి

వరుస తిరస్కారానికి గురైనప్పుడు పట్టిక ఎలా నడుచుకోవాలన్నదే అసలు విషయం. పాత గుమాస్తాల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ముందు చిత్తు రాసేవారు. పై అధికారి సంతకం పడ్డాకే సాపు. సంతకం పడేదాకా చిత్తును చింపరు, పాత సాపును కొట్టేయరు. పట్టికలో కూడా రెండు ప్రతులు ఉండాలి. రిజిస్టరులో ఇప్పటికే ఉన్న వరుస సాపు ప్రతి. మనం గడుల్లో కొడుతున్నది చిత్తు ప్రతి. సర్వర్ సరే అనేదాకా రెండూ బతికి ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇల్లు మారిన సభ్యురాలు నాలుగు గడులు దిద్దారు: ఇంటి నంబరు, వీధి, పిన్ కోడ్, ఫోను. పిన్ కోడ్‌లో ఒక అంకె తగ్గింది. సేవ్ నొక్కారు. చెడ్డ పట్టిక రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మొదటి రకం చిత్తును చింపేస్తుంది. వరుస మూసుకుపోయి పాత చిరునామా వెనక్కి వస్తుంది, సరిగ్గా రాసిన మిగతా మూడు గడులూ పోతాయి. రెండో రకం ఇంకా ప్రమాదం. చిత్తునే సాపులా చూపిస్తుంది. వరుస మూసుకుంటుంది, కొత్త చిరునామా కనబడుతుంది, కానీ రిజిస్టరులో పాతదే ఉంది. పేజీ మళ్ళీ తెరిచేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఉత్తరాలు పాత ఇంటికే వెళ్తుంటాయి.

మంచి పట్టిక వరుసను తెరిచే ఉంచుతుంది. రాసిన నాలుగు గడులూ రాసినట్టే ఉంటాయి. పిన్ కోడ్ గడి పక్కనే ‘పిన్ కోడ్‌లో 6 అంకెలు ఉండాలి, మీరు 5 రాశారు’ అని మాటల్లో ఉంటుంది. కర్సర్ నేరుగా ఆ గడిలోకి వెళ్తుంది. ఎర్ర రంగు ఒక్కటే సరిపోదు. రంగులు పోల్చుకోలేని వారున్నారు, చూపు లేక తెరను చదివించుకుని వినేవారున్నారు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ అందుబాటు మార్గదర్శకాలు కూడా తప్పును అక్షరాల్లో చెప్పాలనీ, రంగు మీదే ఆధారపడరాదనీ చెబుతున్నాయి. మూడు సెకన్లకు మాయమయ్యే సందేశం అసలే పనికిరాదు. తప్పు దిద్దేదాకా అది అక్కడే ఉండాలి. ఇక వద్దనుకుని క్యాన్సిల్ నొక్కితే మాత్రం సాపు ప్రతి ఉన్నదున్నట్టు తిరిగి రావాలి.

మాతృభాష చడీచప్పుడు లేకుండా మారే చోటు

ఇప్పుడు మనకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మాతృభాష గడిలో మనం అక్షరాలు కొట్టం. కిందికి తెరుచుకునే జాబితాలోంచి ఎంచుకుంటాం. ఇలాంటి గడులున్న పేజీలో ఒక పాత జబ్బు ఉంది. సర్వర్ కాదన్నప్పుడు కొన్ని పేజీలు మొత్తం మళ్ళీ తయారై వస్తాయి. పేరు, వీధి వంటి రాత గడుల్లో మనం రాసినది తిరిగి పెట్టడం తయారుచేసినవారికి గుర్తుంటుంది. జాబితా గడిలో మనం ఎంచుకున్నదాన్ని మళ్ళీ ఎంచి పెట్టడం మరిచిపోతారు. అలా మరిచిపోతే బ్రౌజర్ జాబితాలోని మొదటి పేరును చూపిస్తుంది.

రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు వరుసలో జాబితా ఉంటే 22 భాషల్లో మొదటిది అస్సామీ, తెలుగు 21వది. తన గడిలో అస్సామీ కనబడితే ఎవరైనా గమనిస్తారు. కానీ సౌకర్యం కోసం ఆ రాష్ట్ర భాషను జాబితా తలలో పెట్టడం మామూలే. కృష్ణగిరి జిల్లాలోని ఒక తెలుగు ఇంటివారు పిన్ కోడ్ తప్పు కొట్టి సేవ్ నొక్కారనుకోండి. పేజీ ఎర్ర గీతతో వెనక్కి వచ్చింది. కళ్ళు పిన్ కోడ్ మీదే ఉంటాయి. దాన్ని దిద్ది మళ్ళీ సేవ్ నొక్కారు. ఈసారి అయింది. అంతలో మాతృభాష తెలుగు నుంచి తమిళం అయింది. అది చెల్లుబాటయ్యే విలువే కాబట్టి ఏ తనిఖీ పట్టుకోదు. బళ్ళారిలో అయితే కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ. ఎవరి దురుద్దేశమూ లేదు. లెక్కలో మాత్రం ఒక తెలుగు ఇల్లు తగ్గింది.

ఇది ఊరికే గుబులు పడే సంగతి కాదు. భాషా మైనారిటీలకు తమ విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతులు కల్పించేందుకు ప్రయత్నించాలని 350ఎ, భాషా మైనారిటీలకు ప్రత్యేక అధికారి ఉండాలని 350బి చెబుతున్నాయి. ఈ రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. బడిలో తెలుగు సెక్షన్ నిలపమని అడగడానికి వెళ్ళినప్పుడు మనం పట్టుకెళ్ళేది ఇళ్ళ లెక్కే. మన రిజిస్టరే ఆ లెక్కను తగ్గించి చూపితే అడగడానికి నోరు పెగలదు.

దీనికి మందు చిన్నదే. తిరస్కారం తర్వాత ప్రతి గడీ మనిషి వదిలిన స్థితిలోనే తిరిగి రావాలి. రాత గడులు, జాబితాలు, టిక్కు పెట్టే గడులు అన్నీ. జాబితా తలలో ఏ భాషనూ ఉంచకుండా ‘ఎంచుకోండి’ అన్న ఖాళీ అంశాన్ని ఉంచాలి. అప్పుడు ఎంపిక పోయినా ఖాళీ అని తనిఖీలో పట్టుబడుతుంది, మరో భాషగా నిలిచిపోదు. ఫోటో మాత్రం మినహాయింపు. భద్రత కోసం బ్రౌజర్లు ఎంచుకున్న ఫైలును పేజీ తనంతట తాను తిరిగి నింపనివ్వవు. కాబట్టి వచ్చిన ఫోటోను సర్వర్ తాత్కాలికంగా దాచి ఉంచాలి, లేదా ‘ఫోటో మళ్ళీ ఎంచుకోండి’ అని స్పష్టంగా చెప్పాలి.

పట్టిక కావడం వల్ల వచ్చే చిక్కులు

విడి దరఖాస్తులో లేని కొన్ని ఇబ్బందులు పట్టికలో ఉంటాయి. మొదటిది, ఎర్ర గీత వేరే మనిషి వరుస మీద పడటం. పట్టిక పేర్ల క్రమంలో ఉందనుకోండి. సభ్యుడు పేరు దిద్దగానే అతని వరుస ఐదో చోటు నుంచి యాభయ్యో చోటుకు పోతుంది. పేజీ ‘ఐదో వరుసలో తప్పు’ అని గుర్తుపెట్టుకుంటే ఆ ఎర్ర గీత పాపం ఇంకెవరి పేరు మీదో పడుతుంది. తప్పును వరుస స్థానానికి కాదు, మారని సభ్యత్వ సంఖ్యకు ముడిపెట్టాలి. దిద్దుతున్న వరుసను పని ముగిసేదాకా చోటు కదల్చకూడదు.

రెండోది, ఒకేసారి చాలా వరుసలు సేవ్ చేయడం. 20 వరుసలు దిద్దితే ఒకటి తప్పింది. సభ్యుల వివరాలైతే 19 చేర్చుకుని ఒక్క వరుసను తెరిచి ఉంచడం మేలు. పైన ‘20లో 19 చేరాయి, 1 మిగిలింది’ అని చెప్పాలి. అదే చందా లెక్కలైతే పద్ధతి వేరు. ఒక పద్దులో తీసి మరో పద్దులో వేసే రెండు వరుసల్లో ఒకటి చేరి ఒకటి ఆగితే లెక్క తప్పుతుంది. అక్కడ అన్నీ చేరాలి, లేకపోతే ఏదీ చేరకూడదు. దీన్నే డేటాబేసు వాళ్ళు ట్రాన్సాక్షన్ అంటారు.

మూడోది, ఒకే వరుసను ఇద్దరు దిద్దడం. ఇంట్లో కొడుకు ఫోను నంబరు మారుస్తుంటే సంఘం ఆఫీసులో కోశాధికారి అదే వరుసలో చిరునామా మారుస్తున్నారు. తర్వాత సేవ్ చేసినవారి రాత ముందువారి రాతను చెరిపేయకూడదు. ప్రతి వరుసకూ ఒక సవరణ సంఖ్య పెట్టాలి. మనం తెరిచినప్పుడు ఉన్న సంఖ్య, సేవ్ చేసేటప్పటి సంఖ్య ఒకటి కాకపోతే సర్వర్ ఆపాలి. ఆపి ‘ఈలోగా ఈ వరుస మారింది’ అని రెండు రాతలూ పక్కపక్కన చూపించాలి. ఇది మన తప్పు కాదు కాబట్టి ‘తప్పుడు సమాచారం’ అనే మాట ఇక్కడ వాడకూడదు.

నాలుగోది, జవాబే రాకపోవడం. నెట్ పోయినప్పుడు వరుస చేరిందో లేదో తెలియదు. అది తిరస్కారం కాదు, అలా చూపించకూడదు. కొత్త సభ్యుణ్ణి చేర్చేటప్పుడు ఈ అనుమానంతో సేవ్ రెండుసార్లు నొక్కితే ఒకే మనిషి రెండు వరుసల్లో పుడతాడు. రెండోసారి వచ్చినది మొదటిదేనని సర్వర్ గుర్తుపట్టే ఏర్పాటు ఉండాలి. లాగిన్ గడువు తీరిపోవడమూ ఇలాంటిదే. మళ్ళీ లాగిన్ అయ్యాక చిత్తు ప్రతి అక్కడే ఉండాలి.

రాత సరిగ్గా ఉన్నా గడి కాదన్నప్పుడు

ఎర్ర గీత పడిన ప్రతిసారీ తప్పు రాసినవారిదే అనుకోనక్కర్లేదు. నిబంధన రాసినవారికి మన సంగతి తెలియకపోవచ్చు.

యానాం ఇందుకు చక్కని ఉదాహరణ. పాలన పుదుచ్చేరిది. చుట్టూ ఆంధ్రప్రదేశ్. పుదుచ్చేరి పట్టణం పిన్ కోడ్ 605తో మొదలవుతుంది. యానాంది 533464, అంటే గోదావరి జిల్లాల వరుస. పుదుచ్చేరి అని ఎంచుకుంటే పిన్ కోడ్ 6తో మొదలవ్వాలి అని ఎవరైనా నిబంధన రాస్తే యానాంలోని ప్రతి ఇల్లూ తప్పు రాసినట్టే అవుతుంది. అక్కడివారు రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని రాసుకుని బయటపడాలా? ఎంతమాత్రం కాదు. నిబంధన మారాలి.

ఇంటిపేరు మరో చిక్కు. తమిళనాట మనవాళ్ళలో చాలామంది ఇంటిపేరుకు బదులు ఒక్క ఇనిషియల్‌తోనే నడుస్తారు. ‘కనీసం 2 అక్షరాలు ఉండాలి’ అన్న గడి వారిని ఆపేస్తుంది. అసలు ఇంటిపేరు వాడనివారిని తప్పనిసరి గడి ఆపేస్తుంది. అప్పుడు చుక్క పెట్టడం, పేరునే రెండుసార్లు రాయడం, ఊరి పేరును ఇంటిపేరు చేయడం మొదలవుతాయి. సేవ్ అవుతుంది. తర్వాత ఆ పేరు ఆధార్‌లోని పేరుతోనూ, బడి సర్టిఫికెట్‌లోని పేరుతోనూ కలవదు.

తెలుగులో పేరు రాస్తే కాదనే గడులూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే చెల్లుతాయని నిబంధన రాసుకున్న గడికి ‘లక్ష్మీనారాయణ’ అన్నది అక్షరాలే కాదు. తెలుగును ఒప్పుకున్నా నిడివి లెక్క తేడా వస్తుంది. ఆ పేరు మన కంటికి 6 అక్షరాలు. కంప్యూటర్ యూనికోడ్ లెక్కలో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొచ్చి 13 గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచడానికి గుర్తుకు 3 చొప్పున 39 బైట్లు. 30 బైట్ల హద్దు పెట్టుకున్న గడి ‘పేరు చాలా పొడవుగా ఉంది’ అంటే మనకు అర్థం కాదు. ఆరు అక్షరాల పేరు పొడవేమిటని అనుకుంటాం.

కంటికి కనబడనివి మరికొన్ని. వేరేచోట నుంచి కాపీ చేసి అతికించినప్పుడు చివర ఒక ఖాళీ వస్తుంది. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపేందుకు వాడే అదృశ్య గుర్తు ఒకటి తెలుగులో ఉంది. అదీ వెంట వస్తుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి రెండు వేర్వేరు పేర్లు. ఇవన్నీ పట్టిక తానే శుభ్రం చేసుకోగలిగినవి. చివరి ఖాళీ, ఫోను నంబరు మధ్యలోని ఖాళీ, ముందున్న సున్నా వంటివాటి కోసం మనిషిని వెనక్కి పంపడం అన్యాయం. తేదీ మాత్రం అడిగి తేల్చుకోవాల్సిందే. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6. రోజు, నెల, సంవత్సరం మూడు విడి గడులుగా ఉంటే గొడవే ఉండదు.

ఇంట్లో కూర్చుని దిద్దేవారికి

ముందు సందేశాన్ని ఫోటో తీసుకోండి, అది మాయమైపోవచ్చు. ఎర్రబడిన గడిలో చివరి ఖాళీలు తుడిచి, అతికించినది తీసేసి చేత్తో కొట్టి చూడండి. మళ్ళీ సేవ్ నొక్కే ముందు ఆ ఒక్క గడే కాదు, వరుస మొత్తం చదవండి. ముఖ్యంగా మాతృభాష గడి, టిక్కు గడులు. సేవ్ అయ్యాక పేజీ మూసి, మళ్ళీ తెరిచి చూస్తేనే సాపు ప్రతి ఏమిటో తెలుస్తుంది. నెట్ పోయి అనుమానం వస్తే రెండోసారి నొక్కే ముందు కూడా ఇలాగే తెరిచి చూడండి.

రాసినది నిజమై ఉండి కూడా గడి ఒప్పుకోకపోతే అబద్ధం రాసి గట్టెక్కకండి. పేరు మార్చుకోకండి, ఇంటిపేరు కల్పించకండి, రాష్ట్రం మార్చకండి. ఫోటోతో సహా ఆ పట్టిక నడిపేవారికి రాసి పంపండి. సర్కారు పట్టికైతే ఆ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఇంట్లో పెద్దలకు పిల్లలు నింపి పెడుతున్నట్టయితే వరుసను పైకి చదివి వినిపించి ఆ తర్వాతే సేవ్ నొక్కండి.

పట్టిక తయారుచేసే మన పిల్లలకు

నాయనలారా, తల్లులారా, మీ పట్టికను సభ్యుల ముందు పెట్టే రోజుకు ముందు ఈ పరీక్షలు పెట్టండి. పిన్ కోడ్ ఒక్కటి తప్పు కొట్టి, మాతృభాష తెలుగు ఎంచి సేవ్ నొక్కండి. తిరిగి వచ్చిన వరుసలో తెలుగే ఉందా? పుదుచ్చేరితో 533464 ఒప్పుకుంటోందా? ఒక్క అక్షరం ఇనిషియల్, ఇంటిపేరు లేని పేరు, తెలుగు లిపిలో లక్ష్మీనారాయణ చేరుతున్నాయా? పేరు దిద్దితే ఎర్ర గీత ఆ మనిషి వరుస మీదే ఉంటోందా? ఒకే వరుసను రెండు ఫోన్లలో తెరిచి సేవ్ చేస్తే ఏమవుతోంది? నెట్ ఆపి సేవ్ నొక్కితే పట్టిక ఏమంటోంది?

నిబంధనలను రెండుగా విడదీయండి. సభ్యత్వ సంఖ్య రెండుసార్లు రావడం వంటివి అడ్డుకోవాల్సినవే. ఊరికీ పిన్ కోడ్‌కూ పొంతన లేనట్టు కనబడటం వంటివి హెచ్చరించి, ‘ఇది సరైనదే’ అని సభ్యుడు అంటే చేర్చుకోవాల్సినవి. సందేశం తెలుగులో రాయండి, ఏ గడి, ఏం కావాలి అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. సర్వర్ కాదన్నప్పుడు అయిపోయిందన్న అర్థంలో 200 సంకేతం పంపకండి. రాతలో లోపానికి 422, ఇద్దరి రాతలు తగులుకుంటే 409 వాడటం అలవాటైన పద్ధతి. పట్టిక దాన్ని చూసే దేన్ని దేనిగా చెప్పాలో తెలుసుకుంటుంది.

మన తాతలు వలస వచ్చిన ఊళ్ళలో పేరూ భాషా నిలుపుకున్నది చేతిరాత రిజిస్టర్లలోనే. అక్కడ గుమాస్తా తప్పు రాస్తే పక్కన నిలబడి దిద్దించుకున్నారు. ఇప్పుడు ఆ గుమాస్తా కనబడడు. కాబట్టి ప్రతి సంఘమూ ఈ నెల కార్యవర్గ సమావేశంలో పై పరీక్షలు తమ పట్టికకు పెట్టించి, మాతృభాష గడిని వరుస వరుసగా ఒకసారి ఇంటివారితో సరిచూసుకోవాలని మా మనవి.